అంబాసిడర్, పద్మిని కార్బరేటర్ పార్టులు: ఏది దేనికి సెట్ అవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అంబీ, ఫియట్, పద్మిని ఉన్నవాళ్ళు తిప్పి తిప్పి అడిగేవి ఇవే డౌట్లు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేశా. మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికే వెళ్ళిపోండి, మొదట్నుంచీ చదవాల్సిన పన్లేదు. ఇక్కడ రాసింది ఎక్కువగా 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, 1089 సీసీ పద్మిని గురించి, వాటి మీద కనిపించే సోలెక్స్, ఎస్‌యూ కార్బరేటర్ల గురించి. డీజిల్ అంబీ వాళ్ళకి ఇక్కడ పనేం లేదు.

## కొనేముందు

అన్నా, "అంబాసిడర్ కార్బరేటర్ కిట్" (గాస్కెట్లు, వాషర్లు, నీడిల్ వాల్వ్ లాంటి చిన్న పార్టుల ప్యాకెట్) అని అడిగితే షాపులో ఇచ్చింది తీసేసుకోవచ్చా?

వద్దు. అంబాసిడర్ అనే పేరు మీద 1950ల చివర్నుంచి 2014 దాకా బండ్లు వచ్చాయి. మొదట్లో సైడ్ వాల్వ్ ఇంజన్, తర్వాత బీఎంసీ 1489 సీసీ, 1992 నుంచి ఇసుజు 1.8, మధ్యలో కార్బరేటర్లూ మారాయి. దానికి తోడు నలుగురు ఓనర్లు మారిన బండి మీద ఎవరు ఏం బిగించి పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. అందుకే షాపులో కారు పేరు చెప్పకండి, కార్బరేటర్ కంపెనీ, దాని బాడీ మీద ఉన్న నంబరు చెప్పండి. కుదిరితే విప్పి సంచిలో వేసుకుని కౌంటర్ మీదే పెట్టండి, పాత ప్యాకింగ్ మీద కొత్త ప్యాకింగ్ పెట్టి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

నాది సోలెక్సో ఎస్‌యూనో ఎలా గుర్తుపట్టాలి?

బానెట్ ఎత్తి చూస్తే చాలు. ఎస్‌యూకి పైన గుండ్రటి అల్యూమినియం డోమ్ ఉంటుంది, దాని నెత్తి మీద చేత్తో తిప్పి తీసే నల్లటి మూతో ఇత్తడి మూతో ఉంటుంది, గాలి పక్కనుంచి అడ్డంగా వెళ్తుంది. సోలెక్స్ అయితే ఆ డోమ్ ఉండదు, గాలి పైనుంచి కిందికి దిగుతుంది, మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ తీసుకెళ్ళే గొట్టాల ముక్క) మీద నిటారుగా కూర్చుని ఉంటుంది. పేరు కూడా పోతలోనే అచ్చు వేసి ఉంటుంది, గ్రీజు, మట్టి గీకి చూడండి.

బాడీ మీద 32 పీబీఐసీ అని ఉంది, ఆ 32 ఏంటి?

కింద థ్రాటిల్ ప్లేట్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) ఉండే గొట్టం లోపలి వ్యాసం, 32 మి.మీ అని. తర్వాత వచ్చే అక్షరాలు మోడల్. అయితే ఒకే 32 బాడీలో వేరే వేరే ఇంజన్లకి వేరే వేరే వెంచురీ (గాలి దారిలో సన్నబడే చోటు), వేరే వేరే జెట్లు (పెట్రోల్‌నో గాలినో కొలిచి వదిలే చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్కలు) వేసి ఇచ్చేవాళ్ళు. బాడీ నంబరు కలిసినంత మాత్రాన లోపలి సెట్టింగ్ కలిసినట్టు కాదు. జీపు మీదనుంచి తీసిన సోలెక్స్ తెచ్చి "సేమ్ టు సేమ్ సార్" అని అమ్ముతుంటారు, బోల్టులు పడతాయి, బండీ స్టార్ట్ అవుతుంది, పెట్రోల్ మాత్రం నీళ్ళలా తాగుతుంది.

హెచ్‌ఎస్2, హెచ్‌ఎస్4 అంటే?

ఎస్‌యూ హెచ్‌ఎస్ సిరీస్‌లో ఆ అంకె, ఒక అంగుళానికి పైన ఎన్ని ఎనిమిదో వంతులో చెప్తుంది. హెచ్‌ఎస్2 అంటే ఒకటింబావు అంగుళం, హెచ్‌ఎస్4 అంటే ఒకటిన్నర, హెచ్‌ఎస్6 అంటే ఒకటి ముప్పావు. గాస్కెట్, స్పిండిల్ (థ్రాటిల్ ప్లేట్‌ని తిప్పే కడ్డీ), థ్రాటిల్ డిస్క్ అన్నీ ఈ సైజుని బట్టే మారతాయి. హెచ్‌ఎస్2 స్పిండిల్ పావు అంగుళం లావు, హెచ్‌ఎస్4ది అంగుళంలో పదహారుకి ఐదు వంతులు.

ట్యాగ్ ఊడిపోయింది, నంబర్లు అరిగిపోయాయి. ఇప్పుడెలా?

వెర్నియర్ కాలిపర్ తీసుకోండి, మామూలు చైనాది చాలు. థ్రాటిల్ గొట్టం లోపలి వ్యాసం, కింద రెండు స్టడ్ల సెంటర్ నుంచి సెంటర్‌కి దూరం, వెంచురీ సన్నటి చోట వ్యాసం, స్పిండిల్ లావు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. లోపలి జెట్ల మీద చిన్న అంకెలు చెక్కి ఉంటాయి, పెట్రోల్‌తో కడిగి టార్చ్ వేసి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే కనపడతాయి. ఫ్లోట్ (చాంబర్‌లో పెట్రోల్ మీద తేలే బుడ్డి) ఏ వైపు ఉంది, లింకేజీ ఏ వైపు లాగుతుంది అనేది కూడా ఫోటో తీసి పెట్టుకోండి, విప్పకముందే.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్‌లో పాత షాపుల్లో అడగండి, ముఖ్యంగా తండ్రి తర్వాత కొడుకు నడిపే షాపుల్లో, పైన అటకమీద పాత స్టాకు ఉంటుంది. అక్కడ లేకపోతే చెన్నై జీపీ రోడ్, పుదుపేట. అంబాసిడర్‌కి అయితే కలకత్తా మల్లిక్ బజార్, బండి పుట్టిందే ఆ పక్కన ఉత్తరపారాలో కదా. ఎస్‌యూ పార్టులు ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ ఊళ్ళో ఉన్న బర్లెన్ అనే కంపెనీ ఇప్పటికీ కొత్తవి తయారుచేస్తుంది. నాణ్యత బాగుంటుంది, కాకపోతే కొరియర్, కస్టమ్స్ కలిపి బిల్లు చూసుకుని ఆర్డర్ పెట్టండి, నీడిల్, జెట్ లాంటి చిన్నవి నలుగురు కలిసి తెప్పించుకోవడం మంచిది.

కిట్ వేస్తే చాలా, మొత్తం కార్బరేటరే మార్చాలా?

థ్రాటిల్ స్పిండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడ ఊగుతుంటే కిట్ వేసి లాభం లేదు, ఆ సందులోంచి గాలి లాగుతూనే ఉంటుంది. బాడీలో బుష్ వేయించి కొత్త స్పిండిల్ ఎక్కించాలి, మంచి లేత్ మేస్త్రి చేతిలో అయ్యే పనే అది. బాడీ పగిలినా, జెట్ కూర్చునే మరలు పోయినా అప్పుడు వేరే బాడీ వెతకండి. మిగతా అన్ని కేసుల్లో పాత ఒరిజినల్ బాడీని బాగుచేయించుకోవడమే నయం, ఇప్పుడొచ్చే పేరులేని కొత్త కాపీల్లో డ్రిల్లింగ్ ఎలా ఉంటుందో చెప్పలేం.

## ఏ పార్టు ఎలా ఎంచుకోవాలి

జెట్ మీద 120 అని ఉంది, అర్థం ఏంటి?

సోలెక్స్‌లో ఆ అంకె రంధ్రం వ్యాసం, మిల్లీమీటర్‌లో నూరో వంతుల్లో. 120 అంటే 1.20 మి.మీ. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే పెట్రోల్ పారేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి, అంటే 120 తీసి 125 వేస్తే అంకె పెరిగింది నాలుగు శాతమే గానీ పెట్రోల్ దాదాపు ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. అందుకే ఒక్కో మెట్టే మార్చాలి, ఒకేసారి 120 నుంచి 135కి దూకకూడదు. ఇంకోటి, మికుని అనే జపాన్ కంపెనీ జెట్లలో కొన్ని రకాలకి అంకె వ్యాసం కాదు, నిమిషానికి ఎంత పారుతుందో చెప్పే లెక్క. ఒక కంపెనీ 120ని ఇంకో కంపెనీ 120తో పోల్చకండి.

జెట్‌లో మెకానిక్ వైరు పెట్టి పెద్దది చేశాడేమో అని అనుమానం. ఎలా చెక్ చెయ్యాలి?

అనుమానం కరెక్టే అయ్యుండొచ్చు, మన దగ్గర ఇది చాలా కామన్. జెట్ జామ్ అయితే స్టీలు తీగ, ఆల్‌పిన్ను ఏది దొరికితే అది గుచ్చుతారు, మెత్తటి ఇత్తడి కదా, రంధ్రం కోలగా అయిపోతుంది. సన్న డ్రిల్ బిట్లు సెట్ తెచ్చుకోండి, బిట్ వెనక వైపు నున్నటి భాగాన్నే కొలతగా వాడాలి. అదీ వెర్నియర్‌తో కొలిచి చూసుకున్నాకే, కొన్ని బిట్లకి వెనక వైపు లావు వేరేగా ఉంటుంది. 120 జెట్ అయితే 1.20 బిట్ బిగుతుగా దూరాలి, 1.25 అస్సలు దూరకూడదు. 1.25 హాయిగా దిగిపోతుందంటే ఆ జెట్ మీద ఉన్న నంబరుకి ఇక విలువ లేదు, పక్కన పెట్టేసి కొత్తది కొనండి. శుభ్రం చెయ్యడానికి కంప్రెసర్ గాలి, క్లీనర్ స్ప్రే, మరీ మొండికేస్తే బ్రష్షులోంచి పీకిన నైలాన్ పోగు.

సోలెక్స్ బుక్కులో జీజీ, ఏ, జీ, యూ, కే అని రాశారు. ఏది ఏది?

కే అంటే వెంచురీ, పెద్ద జీ పక్కన చిన్న జీ ఉంటే మెయిన్ జెట్, చిన్న ఏ అంటే ఎయిర్ కరెక్షన్ జెట్, ఒక్క చిన్న జీ ఉంటే పైలట్ జెట్ అంటే స్లో జెట్, యూ అంటే పైలట్‌కి గాలి ఇచ్చేది. స్టార్టర్‌కి, అంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి చోక్‌లా పనిచేసే భాగానికి, వేరేగా పెట్రోల్ జెట్, గాలి జెట్ ఉంటాయి. మెయిన్ జెట్ పెంచితే ఐడిల్ తప్ప మిగతా అన్ని స్పీడ్లలోనూ రిచ్ అవుతుంది (గాలికి పెట్రోల్ ఎక్కువ), ఎయిర్ కరెక్షన్ జెట్ పెంచితే ముఖ్యంగా హై స్పీడ్‌లో లీన్ అవుతుంది (పెట్రోల్ తక్కువ). ఈ రెండూ ఉల్టా అని మర్చిపోయి రెండూ పెంచేసి "ఏం తేడా రాలేదు" అంటుంటారు.

నీడిల్ వాల్వ్ ఏదైనా ఒకటేనా?

కాదు. ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోల్ రాకుండా మూసేది ఇదే. దాని మీద కూడా 1.5, 2.0 అని సైజు ఉంటుంది, పాతదాంట్లో ఏముందో అదే వెయ్యండి. సోలెక్స్‌లో ఇంకో తిరకాసు, నీడిల్ వాల్వ్ కింద వేసే వాషర్ మందమే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఎంత ఎత్తులో నిలవాలో తేలుస్తుంది. కిట్‌లో వచ్చిన వాషర్ పాతదానికన్నా మందంగా ఉంటే వాల్వ్ ఇంకాస్త కిందికి దిగుతుంది, ఫ్లోట్ తొందరగా మూసేస్తుంది, లెవెల్ తగ్గుతుంది, బండి ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతుంది. పాత వాషర్ పారెయ్యకుండా కాలిపర్‌తో కొలవండి. రెండు వాషర్లు ఒకదానిమీద ఒకటి వేసేవాళ్ళూ ఉన్నారు, అలా చెయ్యకండి.

ఇత్తడి ఫ్లోట్ మంచిదా ప్లాస్టిక్‌దా?

మీ కార్బరేటర్‌కి కంపెనీ ఏది ఇచ్చిందో అదే. బరువు తేడా ఉంటే లెవెల్ తేడా వస్తుంది. ఇత్తడి ఫ్లోట్‌కి కన్నం పడిందేమో చూడాలంటే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోల్ గలగల వినిపిస్తే అయిపోయింది. వినపడకపోయినా వేడి నీళ్ళలో ముంచండి, సన్నటి బుడగలు ఏ అతుకు దగ్గర వస్తే కన్నం అక్కడే. టంకం వేయించొచ్చు గానీ ముద్దలా వేస్తే బరువెక్కి మళ్ళీ అదే గొడవ.

ఎస్‌యూ నీడిల్ ఏది కొనాలి?

ఇది పైన చెప్పిన నీడిల్ వాల్వ్ కాదు, డోమ్ కింద పైకీ కిందికీ కదిలే పిస్టన్‌కి బిగించి జెట్‌లోకి దిగే సూది. నీడిల్ మెడ మీద చిన్నగా అక్షరాలు చెక్కి ఉంటాయి, అదే దాని పేరు. ఎస్‌యూ నీడిళ్ళ పట్టికలో ప్రతి ఎనిమిదో వంతు అంగుళానికి ఎంత లావు ఉండాలో రాసి ఉంటుంది, కాబట్టి పేరు ఒక్క అక్షరం మారినా ఏదో ఒక స్పీడ్‌లో మిక్స్చర్ మారిపోతుంది. రెండోది, పాతవి కదలకుండా బిగించే రకం, తర్వాత వచ్చినవి స్ప్రింగుతో ఒక పక్కకి వాలే రకం, ఇవి రెండూ ఒకే పిస్టన్‌లో పట్టవు. మూడోది జెట్, హెచ్‌ఎస్2, హెచ్‌ఎస్4లకి మామూలుగా 0.090 అంగుళాల జెట్, 0.100 జెట్‌కి తయారైన నీడిల్ దీంట్లో వేస్తే పని చెయ్యదు. జెట్ కొనేటప్పుడు ఫ్లోట్ చాంబర్ ఎడమ వైపా కుడి వైపా చెప్పండి, నైలాన్ పైపు దాన్ని బట్టి మారుతుంది. అరిగిన జెట్‌లో కొత్త నీడిల్ వెయ్యడం డబ్బులు దండగ, రెండూ కలిపే మార్చండి.

ఎస్‌యూ లోపల స్ప్రింగ్ రంగు మారితే ఏమైనా అవుతుందా?

అవుతుంది. నీలం రెండున్నర ఔన్సులు, ఎరుపు నాలుగున్నర, పసుపు ఎనిమిది, ఆకుపచ్చ పన్నెండు. గట్టి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ తక్కువ లేస్తుంది, మిక్స్చర్ రిచ్ అవుతుంది. హెచ్‌ఎస్2, హెచ్‌ఎస్4 ఉన్న చాలా బండ్లకి ఎరుపే వస్తుంది. స్ప్రింగుని చేత్తో లాగి సాగదీసి సరిచేసేవాళ్ళ దగ్గరికి బండి తీసుకెళ్ళకండి.

పాత కార్బరేటర్ నుంచి డోమ్ తీసి నా పిస్టన్ మీద పెట్టొచ్చా?

వద్దు. డోమ్, పిస్టన్ జోడీగా సెట్ చేసి ఇస్తారు, మధ్య సందు చాలా తక్కువ. వేరే డోమ్‌లో ఒరుసుకుంటుంది, లేదా గాలి ఎక్కువ వదిలేస్తుంది. కొంటే రెండూ కలిపి ఒకే బండివి కొనండి.

గాస్కెట్‌కి ఏ షీట్ వాడొచ్చు?

కాగితం గాస్కెట్ ఉన్నచోట పెట్రోల్ తట్టుకునే గాస్కెట్ షీట్ కోసుకోవచ్చు, మందం పాతదానిలాగే ఉండాలి, గాలి రంధ్రాలు ఒక్కటీ మిస్ అవకూడదు. కార్బరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే మందపాటి ఫైబర్ ముక్క మాత్రం వేడి పైకి రాకుండా ఆపేది, దాన్ని తీసేసి పల్చటి కాగితం వేస్తే మే నెలలో బెజవాడ ట్రాఫిక్‌లో పెట్రోల్ చాంబర్‌లోనే మరిగి బండి ఆగిపోతుంది. సిలికాన్ పేస్టు మాత్రం పుయ్యొద్దు, ఊడిన ముక్క సరాసరి జెట్‌లోకే పోతుంది.

## ఈ20 పెట్రోల్ వచ్చాక

ఈ20కి ఏ పార్టులు మార్చాలి?

ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మార్చాల్సింది రబ్బరూ, కార్కూ. పాత పంపు డయాఫ్రమ్, పాత పెట్రోల్ పైపు, కార్క్ వాషర్లు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, లేదా గట్టిపడి పగులుతాయి. నీడిల్ వాల్వ్ మొన, ఓ-రింగులు విటాన్‌వి (పెట్రోల్, ఇథనాల్ తట్టుకునే ఒక రకం రబ్బరు) అడగండి. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని రాసి ఉంటే నిశ్చింత. ఇత్తడి జెట్లకి పెద్ద భయం లేదు, జింక్ కలిసిన బాడీల్లో మాత్రం బండి నెలల తరబడి కదలకపోతే తెల్లటి పొడిలా తుప్పు పేరుకుంటుంది. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, కాబట్టి బండి పక్కన పెట్టేసేటప్పుడు చాంబర్ ఖాళీ చేసి పెట్టండి.

ఈ20 పోస్తే జెట్ పెంచాలా?

లెక్క ప్రకారం కొంచెం కావాలి. ఉత్త పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు, అంటే అదే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ ఇంధనం పోవాలి, సోలెక్స్‌లో 120 నుంచి 125 అంటే దాదాపు అంతే. కానీ మన పాత బండ్లు చాలావరకు ముందే రిచ్‌గా తిరుగుతున్నాయి, కాబట్టి లెక్క చూసి జెట్ కొనేయకండి. హైవే మీద స్పీడుగా నడిపి, అక్కడే ఆపి, ప్లగ్ తీసి చూడండి. లేత ఇటుక రంగు ఉంటే జెట్ జోలికి పోవద్దు, తెల్లగా ఉండి బండి లాగుతూ లాగుతూ కొట్టుకుంటుంటే అప్పుడు ఒక్క మెట్టు పెంచండి.

## వేరే బండి కార్బరేటర్ వేసుకోవడం

పద్మినికి మారుతి 800 కార్బరేటర్ వేసుకోవచ్చా? మైలేజీ బాగా వస్తుందంటున్నారు.

వేసుకోవచ్చు, చాలామంది వేశారు, అడాప్టర్ ప్లేట్ చేయించి బిగిస్తారు. నా మాట అడిగితే మాత్రం, సోలెక్స్ బాగుపడే స్థితిలో ఉంటే వద్దంటాను. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ పీల్చే గాలికి తగ్గట్టు చేసిన వెంచురీ, జెట్లు అవి, పద్మిని 1089 సీసీ. టౌన్‌లో నున్నగా తిరుగుతుంది, ఐడ్లింగ్ అద్భుతంగా ఉంటుంది, మైలేజీ కూడా కనపడుతుంది. హైవే ఎక్కి పూర్తిగా తొక్కినప్పుడు ఊపిరాడదు, జెట్లు అలాగే వదిలేస్తే లీన్ అయ్యి వాల్వులకి ముప్పు. వేసి తీరాలనుకుంటే మెయిన్ జెట్ మార్చి ప్లగ్ రంగు చూసుకోవాలి, ఐడిల్ సొలెనాయిడ్‌కి (కరెంటు ఉంటేనే ఐడిల్ పెట్రోల్ వదిలే వాల్వ్) ఇగ్నిషన్ నుంచి 12 వోల్టుల వైరు ఇవ్వాలి, వాక్యూమ్ పైపులు వాడనివి గట్టిగా మూసెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటుందో లేదో, వదిలితే పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడాలి. ఈ ఆఖరిది చూడకుండా రోడ్డెక్కొద్దు. అడాప్టర్ లోపలి అంచు మెట్టులా ఉంటే ఫైల్ పట్టి నున్నగా చెయ్యమనండి.

సోలెక్స్ అంబీకి ఎస్‌యూ ఎక్కించాలని ఉంది. కార్బరేటర్ ఒక్కటి కొంటే సరిపోతుందా?

సరిపోదు. ఒకటి నిటారుగా కూర్చునేది, ఇంకోటి అడ్డంగా కూర్చునేది, మానిఫోల్డ్ కూడా మారాలి. దాంతోపాటు లింకేజీ, చోక్ కేబుల్, ఎయిర్ క్లీనర్ అన్నీ ఆ బండివే కావాలి. మొత్తం సెట్టుగా దొరికితేనే దిగండి.

1.8 ఇసుజు అంబీ పార్టులు 1489కి పడతాయా?

కార్బరేటర్ వరకు పడవు. ఇంజనే వేరు, మానిఫోల్డే వేరు.

ఎలక్ట్రిక్ పంపు ఏది కొనాలి?

రెండు నుంచి మూడు పీఎస్‌ఐ ఇచ్చే లో ప్రెషర్ పంపు. ఇంజెక్షన్ బండి పంపు పొరపాటున కూడా వద్దు, ఆ ప్రెషర్‌కి నీడిల్ వాల్వ్ నిలవదు, పెట్రోల్ వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీదకి కారుతుంది. పంపుకి ఇగ్నిషన్ స్విచ్ మీదనుంచే కరెంటు ఇవ్వండి, మధ్యలో ఫ్యూజ్ తప్పనిసరి.

## బిగించాక

అన్నీ కొత్తవి వేశా, ఐడ్లింగ్ నిలబడట్లేదు. ఏ పార్టు తప్పు?

పార్టు తప్పు కాకపోవచ్చు, ఎక్కడో గాలి లాగుతోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఐడిల్‌లో పెట్టి కార్బరేటర్ మొదట్లో, స్పిండిల్ రెండు కొనల దగ్గర, మానిఫోల్డ్ అతుకుల దగ్గర కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టండి. వేడి మానిఫోల్డ్ మీద, నిప్పురవ్వ వచ్చే చోట అస్సలు కొట్టొద్దు. ఎక్కడ కొడితే ఇంజన్ శబ్దం మారుతుందో లీకు అక్కడ. కింద ఫ్లాంజ్ నట్లు అతిగా బిగించి వంగిపోవడం కూడా మామూలే, స్కేలు పెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనపడుతుంది. గాజు పలక మీద ఎమరీ పేపర్ పరిచి ఎనిమిది ఆకారంలో రుద్దితే చదునవుతుంది.

ఓవర్‌ఫ్లో ఆగట్లేదు.

నీడిల్ వాల్వ్ కింద మురికి, ఫ్లోట్‌కి కన్నం, పంపు ప్రెషర్ ఎక్కువ, ఈ మూడింట్లో ఒకటి. పాత ట్యాంకులో తుప్పు ఉంటే ఎన్ని వాల్వులు మార్చినా వారం తిరక్కుండా మళ్ళీ అదే, ముందు ట్యాంకు కడిగించి ఫిల్టర్ వెయ్యండి.

ఎస్‌యూ మిక్స్చర్ ఇంట్లో సెట్ చేసుకోవచ్చా?

హాయిగా. కింద జెట్ నట్ పూర్తిగా పైకి తిప్పి, అక్కడ్నుంచి పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు కిందికి దించి మొదలుపెట్టండి. ఇంజన్ బాగా వేడెక్కాక పక్కనున్న, పిస్టన్‌ని లేపే పిన్ను కొంచెం, మిల్లీమీటర్ కూడా మించకుండా, పైకి ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, ఆగిపోబోతే లీన్, కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే కరెక్టు. ఒక్కో పలకే తిప్పాలి. డాష్‌పాట్‌లో (డోమ్ నెత్తి మీది మూత కింద నూనె పోసే గొట్టం) నూనె లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే దగ్గుతుంది, ఎస్‌ఏఈ 20 ఇంజన్ ఆయిల్ పొయ్యండి.

పొల్యూషన్ టెస్ట్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తోంది.

ఈ పాత పెట్రోల్ కార్లకి లిమిట్ మూడు శాతం, సరిగ్గా ఉన్న కార్బరేటర్ దాటదు. టెస్ట్ ఐడిల్‌లో చేస్తారు కాబట్టి సోలెక్స్‌లో మెయిన్ జెట్ మార్చడం దండగ, పైలట్ జెట్, మిక్స్చర్ స్క్రూ, ఎయిర్ ఫిల్టర్ చూడండి. స్టార్టర్ కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్ళకుండా కొంచెం లాగి ఉండిపోయినా రీడింగ్ ఎగురుతుంది, ఇది ఎవరూ చూడరు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నా, కార్బరేటర్ మార్చితే ఇబ్బందా?

2021లో వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండి, ఒరిజినల్ రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకపోతేనే వింటేజ్ కింద ఒప్పుకుంటారు, ఫీజు ఇరవై వేలు. జెట్లు, కిట్లు, స్పిండిల్ అన్నీ రిపేరు లెక్కే. అడాప్టర్ మీద వేరే బండి కార్బరేటర్ కూర్చోబెడితే చూసే అధికారికి ప్రశ్న రావచ్చు. పాత సోలెక్స్ తీసేసినా అమ్మకండి, నూనె రాసి, కవర్‌లో చుట్టి, జెట్లతో సహా డబ్బాలో పెట్టి దాచుకోండి.